మన ముక్కుపుటములలోని ఊపిరి

చదువవలసిన వాక్యభాగములు: ఆదికాండము 2:7; నిర్గమకాండము 6:6-9; 2 రాజులు 4:32-37



ఈ మాసపు పాఠమునకు మేము ఎన్నుకొనిన అంశము ఊపిరి. ఇది విని కొందరు నవ్వవచ్చును. "అయ్యగారూ, ఊపిరి తీయుట కూడ నేర్చుకొనవలెనా? పుట్టిననాటినుండి తీయుచునే యున్నాము గదా!" అని అడుగవచ్చును. నడుచుట, తినుట, మాటలాడుట కూడ మనము చిన్ననాటినుండి చేయుచునే యున్నాము. అయినను వంగి నడచువారు మనలో ఉన్నారు, నమలక మ్రింగువారున్నారు, ఆలోచింపక మాటలాడువారును ఉన్నారు. ఆలాగే ఊపిరి విషయములోను మనకు తెలియకయే కొన్ని చెడు అలవాట్లు పడియున్నవి. వాటిని గుర్తుపట్టి మంచివాటిని అలవరచుకొనుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

దీనిని వ్రాయుటకు మాకొక కారణము కలదు. కొన్ని యేండ్ల క్రిందట, జనవరి మాసపు చలిలో, ఒక సాయంకాలము కూలిపని చేసికొను యౌవన దంపతులు తమ ఎనిమిది నెలల బిడ్డను ఎత్తుకొని మా యింటికి వచ్చిరి. "పాపకు జలుబు చేసినది, అయ్యగారూ. పాలు త్రాగుట లేదు. ప్రార్థన చేయండి" అనిరి. మేము ప్రార్థన చేసితిమి. బిడ్డ దుప్పటిలో చుట్టబడి యుండెను. మేము దాని ముఖము చూచితిమి గాని, దుప్పటి తీసి రొమ్ము చూడలేదు. "రేపు ఉదయము ఆసుపత్రికి తీసికొనిపొండి" అని చెప్పి పంపివేసితిమి. వారు గుమ్మము దిగుచుండగా, ప్రక్కయింటికి వచ్చిన నర్సమ్మగారు బిడ్డను చూచి, దుప్పటి విప్పించి, గడియారము చూచుచు ఊపిరులు లెక్కించిరి. నిమిషమునకు 64. డొక్కలు లోపలికి పీక్కొని పోవుచుండెను. "రేపటివరకు ఆగకూడదు, ఇప్పుడే పోవలెను" అని చెప్పి ఆమె 108 బండిని పిలిపించిరి.

ఆ బిడ్డ బ్రదికెను. ఆరు దినములు ఆసుపత్రిలోనుండి ఇంటికి వచ్చెను. ఇప్పుడు బడికి పోవుచున్నది. అయితే ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. సెమినరీలో ఊపిరి అను మాటకు హెబ్రీ భాషలో ఎన్ని అర్థములున్నవో నేర్చుకొంటిమి గాని, ఎదుటనున్న పసిబిడ్డ ఊపిరిని లెక్కించుట నేర్చుకొనలేదు. మా తప్పు మరియొకరు చేయకూడదని ఈ పాఠము వ్రాయుచున్నాము.

1. ఊపిరి యనగా నేమి?

మన తెలుగులో ప్రాణమనిన జీవమే, ప్రాణమనిన ఊపిరియే. హెబ్రీ భాషయు ఇట్టిదే. ఆదికాండము రెండవ అధ్యాయములో నేలమంటితో చేయబడిన నరుని ముక్కుపుటములలో దేవుడు ఊదిన దానికి వాడబడిన మాట "నెషామా". "రూఅహ్" అను మరియొక మాటకు గాలి, ఊపిరి, ఆత్మ అను మూడర్థములును కలవు. నిర్గమకాండము ఆరవ అధ్యాయములో, ఐగుప్తులో వెట్టిచాకిరి చేయు జనులు మోషే మాట ఎందుకు వినలేకపోయిరో చెప్పుచోట, హెబ్రీ మాటలకు ఉన్నదున్నట్లుగా అర్థము "ఊపిరి కురచయగుట". భారము మీదపడినవాని ఊపిరి కురచయగును. ఊపిరి కురచయైనవాని చెవికి మంచిమాట కూడ ఎక్కదు. ఇది మన అనుభవములోనిదే గదా!

శరీరములో ఊపిరి చేయు పని యిది. మనము పీల్చు గాలిలో నూటికి సుమారు 21 పాళ్లు ప్రాణవాయువు, 78 పాళ్లు నత్రజని. ఆ గాలి ఊపిరితిత్తులలోని మిక్కిలి చిన్న గాలిబుడగలను చేరును. అక్కడ ప్రాణవాయువు రక్తములోనికి పోవును. రక్తములోని బొగ్గుపులుసు వాయువు గాలిలోనికి వచ్చును. మనము విడుచు గాలిలో ప్రాణవాయువు సుమారు 16 పాళ్లకు తగ్గి, బొగ్గుపులుసు వాయువు సుమారు 4 పాళ్లకు పెరుగును.

ఊరకున్న పెద్దమనిషి ఒక్కొక్క ఊపిరికి సుమారు అరలీటరు గాలి పీల్చును. నిమిషమునకు 15 ఊపిరుల చొప్పున లెక్కించిన యెడల దినమునకు 21,600 ఊపిరులగును. అన్నము మనము రెండు మూడు పూటలు తిందుము. నీరు పది పన్నెండు మారులు త్రాగుదుము. అన్నములో రాయి పడిన ఏరివేయుదుము; నీటిలో నలుసు పడిన వడకట్టుదుము. దినమునకు ఇరువది వేల మారులకు పైగా తీసికొను గాలిని మాత్రము వచ్చినది వచ్చినట్లే పీల్చుచున్నాము.

2. మన ఊపిరిని మనమే పరీక్షించుకొనుట

నేడే యీ పరీక్ష చేసి చూడుడి. పనినుండి వచ్చిన వెంటనే కాక, పది నిమిషములు కూర్చుండిన తరువాత ఒక చేయి రొమ్ముమీదను, ఒక చేయి బొడ్డుమీదను ఉంచుడి. మరియొకరు గడియారము చూడవలెను. నిండు నిమిషము లెక్కించుడి. లోపలికి పోయి వెలుపలికి వచ్చుట కలిసి ఒక ఊపిరి.

మొదట సంఖ్య చూడుడి. ఆరోగ్యవంతులైన పెద్దలకు ఇది 12 మొదలు 20 వరకు ఉండును. రెండవది, ఏ చేయి లేచుచున్నదో చూడుడి. బొడ్డుమీది చేయి లేచి, రొమ్ముమీది చేయి కొంచెమే కదలిన యెడల మంచి ఊపిరి. భుజములు పైకెగసి, పొట్ట కదలకయున్న యెడల అది పై పై ఊపిరి. మూడవది, నోరు తెరచియున్నదా, మూసియున్నదా చూడుడి.

మేము మా యింటిలో ఈ పరీక్ష చేసితిమి. మా అమ్మగారి పొట్ట చక్కగా కదలుచుండెను. మాది కదలలేదు. యిరువది యేండ్లుగా ప్రసంగములు చేయుచున్న మేము భుజములతో ఊపిరి తీయుచు, ఆరాధన ముగియు వేళకు గొంతు రాసికొనిపోయి ఎందుకు అలసిపోవుచున్నామో ఆ దినమున తెలిసినది.

3. ముక్కుతో ఊపిరి

నోరు తినుటకును మాటలాడుటకును, ముక్కు ఊపిరికిని ఏర్పడినవి. ముక్కులోని వెండ్రుకలును జిగురును దుమ్మును పట్టుకొనును. చల్లని గాలి ఊపిరితిత్తులను చేరకముందే ముక్కులోని రక్తనాళములు దానిని వెచ్చచేయును; పొడి గాలికి తేమ చేర్చును. ముక్కు చుట్టునుండు ఎముకల గదులలో నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువు కొద్దిగా పుట్టును. అది ఊపిరితో లోపలికి పోయి రక్తనాళములు విప్పారుటకు సాయపడును. నోటితో పీల్చువారికి ఈ లాభములేవియు దొరకవు. నోరు ఎండిపోవును, గొంతు రాసికొనిపోవును, పండ్లు త్వరగా చెడిపోవును.

గనుక నడచునప్పుడును, చేనిలో చిన్న పనులు చేయునప్పుడును నోరు మూసికొనుట అలవాటు చేసికొనుడి. బరువు మోయునప్పుడు, పరుగెత్తునప్పుడు నోరు తెరచుకొనుట సహజమే, దానికి భయపడనక్కరలేదు. పిల్లవాడు నిద్రలో ఎల్లప్పుడు నోరు తెరచి గురకపెట్టుచున్న యెడల ముక్కు వెనుక గడ్డలు పెరిగినవేమో వైద్యునికి చూపవలెను. పెద్దవారు గురకపెట్టుచు మధ్య మధ్య ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేచుచున్న యెడల, పగలు కూర్చున్నచోటనే కునుకుచున్న యెడల, అదియు వైద్యునికి చెప్పవలసిన సంగతియే. "మా ఆయనకు గాఢనిద్ర" అని సంతోషింపకూడదు.

4. పొట్ట కదలవలెను

రొమ్మునకును పొట్టకును నడుమ ఉదరవితానము అను కండరము గొడుగువలె పరచుకొని యున్నది. అది క్రిందికి దిగినప్పుడు ఊపిరితిత్తులు క్రిందివరకు నిండును. పొట్ట ముందుకు వచ్చును. ఉయ్యెలలో నిద్రపోవు పసిబిడ్డను చూడుడి. దాని పొట్టయే లేచి దిగుచుండును. ఈ ఊపిరి మనకు పుట్టుకతో వచ్చినదే. కూర్చుని వంగి చేయు పనులవలనను, నడుమున బిగించి కట్టిన పావడ నాడావలనను, చింతవలనను దానిని పోగొట్టుకొంటిమి.

తిరిగి నేర్చుకొను విధము: వెల్లకిల పండుకొని మోకాళ్లు ముడుచుకొనుడి. బొడ్డుమీద ఒక పుస్తకము పెట్టుకొనుడి. ముక్కుతో మెల్లగా పీల్చగా పుస్తకము లేవవలెను, విడువగా దిగవలెను. ఉదయము ఐదు నిమిషములు, పండుకొనునప్పుడు ఐదు నిమిషములు చాలును. కొన్ని వారములలో కూర్చున్నప్పుడు కూడ అట్లే వచ్చును. నాట్లు వేయు అక్కచెల్లెండ్రు, కలుపు తీయువారు గంటకొకమారు నిలువుగా నిలిచి, చేతులు నడుమున ఉంచి, ఐదారు నిండు ఊపిరులు తీయుడి. నడుమునకును విశ్రాంతి, ఊపిరికిని విశ్రాంతి.

5. నెమ్మదియైన ఊపిరి

కోపము వచ్చినప్పుడు, భయపడినప్పుడు, అప్పులవాడు వీధిలో కనబడినప్పుడు మన ఊపిరి త్వరపడును. ఊపిరి త్వరపడగా గుండె దడదడలాడును. దీనికి మందు వదలు ఊపిరిని పొడిగించుటయే. ముక్కుతో నాలుగు లెక్కించునంతసేపు పీల్చి, ఆరు లెక్కించునంతసేపు విడువవలెను. ఇట్లు చేయగా నిమిషమునకు ఆరు ఊపిరులగును. ఇటలీ దేశపు వైద్యులు కొందరు 23 మందిని పరీక్షించి 2001లో ప్రచురించిన పరిశోధనలో, లతీను ప్రార్థనను వల్లించినప్పుడును, యోగమంత్రమును వల్లించినప్పుడును ఊపిరి దాదాపు నిమిషమునకు ఆరుకు దిగెననియు, గుండెకు అది మేలు చేసెననియు కనుగొనిరి.

"అయితే ఇది యోగాభ్యాసము కాదా? క్రైస్తవులు చేయవచ్చునా?" అని కొందరు సహోదరులు మమ్మును అడిగిరి. ఊపిరితిత్తులు ఎవరికైనను ఒకే విధముగా పనిచేయును. ఉబ్బసపు రోగికి ఆసుపత్రిలో నేర్పునది ఇట్టి ఊపిరియే. నెమ్మదిగా నడుచుట ఏ మతమును కాదు. నెమ్మదిగా ఊపిరి తీయుటయు అంతే.

ఒక హెచ్చరిక. గబగబ బలముగా పీల్చి విడుచుట నిండు ఊపిరి కాదు. దానివలన బొగ్గుపులుసు వాయువు మితిమించి పోయి, తల తిరుగును, చేతులు తిమ్మిరెక్కును. అట్లైనయెడల ఆపి, మామూలుగా ఊపిరి తీయుడి. ఆయాసపు రోగులు ముక్కుతో పీల్చి, వేడి గంజిని చల్లార్చునట్లు పెదవులు దగ్గరచేసి మెల్లగా విడిచిన యెడల సులువుగా నుండును.

మన గుడిలో పాడు కీర్తనలు కూడ మంచి అభ్యాసమే. చరణము మధ్యలో ఎక్కడబడితే అక్కడ ఊపిరి తీయక, పాదము చివర తీయుడి. వాక్యము చదువువారు విరామ చిహ్నము ఉన్నచోట ఆగుడి. వినువారికిని అర్థమగును.

6. మనము పీల్చు గాలి

ఊపిరి తీరు బాగుగా నుండినను గాలి చెడ్డదైన యెడల ప్రయోజనము లేదు. మన యిండ్లలో గాలిని చెడగొట్టునవి ముఖ్యముగా ఐదు.

మొదటిది వంటపొగ. గ్యాసు బండ ఉన్నను ఖర్చునకు వెరచి కట్టెలపొయ్యి వెలిగించువారు ఇంకను ఉన్నారు. ఊదుగొట్టముతో ఊదినప్పుడెల్ల తిరిగి పీల్చునది పొగయే. పొయ్యి తప్పనియెడల ఆరుబయట పెట్టుడి. ఎండిన కట్టెలే వాడుడి. చంటిబిడ్డను చంకనెత్తుకొని పొయ్యియొద్ద కూర్చుండవద్దు.

రెండవది పొగాకు. చుట్ట, బీడీ, సిగరెట్టు త్రాగువాని పొగ అతని భార్యాబిడ్డలు కూడ పీల్చుదురు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరప్రాంతములలో పెద్దవయస్సు స్త్రీలకు అడ్డపొగ అలవాటు కలదు. చుట్ట కాలుచున్న కొనను నోటిలోపల పెట్టుకొందురు. దానివలన అంగిటికి క్యాన్సరు వచ్చునని వైద్యులు ఎన్నో యేండ్లుగా చెప్పుచున్నారు. అట్టి అవ్వలను గద్దింపక, ప్రేమతో మాన్పింపుడి.

మూడవది దోమల చుట్ట. 2003లో ప్రచురింపబడిన ఒక పరిశోధనలో, ఒక్క చుట్ట కాలునప్పుడు వెలువడు సన్నని పొగనలుసులు 75 మొదలు 137 సిగరెట్లు కాల్చినదానితో సమానమని తేలినది. తలుపులు మూసి దానిని వెలిగించుటకంటె దోమతెర మేలు.

నాలుగవది పసిబిడ్డ స్నానము. తలంటిన తరువాత సాంబ్రాణి పొగ వేయుట మన యిండ్లలో ముచ్చటయైన ఆచారము. అమ్మమ్మలు మమ్మును మన్నింతురు గాక! లేత ఊపిరితిత్తులకు ఏ పొగయైనను పొగయే. మెత్తని గుడ్డతో తుడిచిన చాలును. ముక్కులో నూనెచుక్కలు వేయుట ఇంకను అపాయము. ఆ నూనె ఊపిరితిత్తులలోనికి దిగి నెమ్ము పుట్టించును.

ఐదవది అన్నిటికంటె భయంకరమైనది. చలికి తలుపులు మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించుట. దానినుండి వచ్చు కార్బన్ మోనాక్సైడ్ అను వాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. ఇది ఎన్నడును చేయవద్దు.

మరియు రైసుమిల్లులో, మిరపకాయల కళ్లములో, ప్రత్తి తీయుచోట పనిచేయువారు ముక్కును నోటిని గుడ్డతోగాని మాస్కుతోగాని కప్పుకొనుడి. పురుగుమందు కొట్టువారు గాలికి ఎదురుగా నిలువవద్దు.

7. పసిబిడ్డల ఊపిరి

ఈ భాగమును తల్లులందరు కంఠస్థము చేయవలెనని బతిమాలుకొనుచున్నాము. జలుబు, దగ్గు ఉన్న బిడ్డ ఏడ్వక నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి, నిండు నిమిషము ఊపిరులు లెక్కించుడి.

రెండు నెలలు నిండని బిడ్డకు 60 గాని అంతకు పైన గాని;
రెండు నెలలనుండి సంవత్సరము లోపు బిడ్డకు 50 గాని అంతకు పైన గాని;
ఒక సంవత్సరమునుండి ఐదేండ్ల లోపు బిడ్డకు 40 గాని అంతకు పైన గాని

ఉన్న యెడల అది వేగమైన ఊపిరి. నెమ్ము అయియుండవచ్చును. ఆ దినమే వైద్యునికి చూపవలెను. డొక్కలు లోపలికి పీక్కొని పోవుట, పాలు త్రాగలేకపోవుట, పెదవులు నీలమగుట, మత్తుగా పడియుండుట, ఫిట్సు వచ్చుట, వీటిలో ఏ ఒక్కటి కనబడినను ఒక్క గడియయైనను ఆలస్యము చేయక 108కి ఫోను చేయుడి. వాతలు పెట్టించుట, మంత్రము వేయించుట, తెల్లవారువరకు చూచుట, ఇవన్నియు బిడ్డకు శత్రువులు. లెక్కించుట తెలియనివారు ఊరి ఆశా కార్యకర్తను అడుగుడి, ఆమె నేర్పును.

8. పెద్దల దగ్గు, ఆయాసము

రెండు వారములు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, కళ్లెలో రక్తము క్షయరోగపు గుర్తులు. మన తాతల కాలములో ఈ రోగులకు మంచి గాలి, విశ్రాంతియే వైద్యము. మదనపల్లె యొద్దనున్న ఆరోగ్యవరములో అనేక మిషనులు కలిసి వారికొరకు ఆశ్రమము నడిపినవి. తరువాత మందులు వచ్చినవి. 1959లో ప్రచురింపబడిన మద్రాసు పరిశోధన, ఇంటియొద్ద ఉండి మందులు మ్రింగువారు కూడ ఆశ్రమములోనివారితో సమానముగా బాగుపడుదురని లోకమునకు చూపినది. నేడు కళ్లె పరీక్షయు మందులును ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితము. సాధారణముగా ఆరు నెలలు మానకుండ మ్రింగవలెను. ఇది దాచుకొనవలసిన రోగము కాదు, సిగ్గుపడవలసినదియు కాదు.

ఉబ్బసపువారు ఇన్‌హేలరు అలవాటైపోవునని భయపడుచున్నారు. అది మత్తుమందు కాదు. మందు నేరుగా ఊపిరితిత్తులకే చేరును గనుక కొద్ది మందుతోనే పని జరుగును. వైద్యుడు చెప్పినట్లు వాడుడి.

ముగింపు

ఎలీషా షూనేమీయురాలి బిడ్డయొద్దకు వచ్చినప్పుడు తలుపు వేసి ప్రార్థన చేసెను. అంతటితో ఊరకుండలేదు. బిడ్డను సమీపించి, దగ్గరగా వంగి, తన వెచ్చదనము దానికిచ్చెను. మేము ఆ సాయంకాలము మొదటి పని చేసితిమి, రెండవది చేయలేదు. ప్రార్థించు చేతులే దుప్పటిని కూడ విప్పవలెను. ఇప్పుడు మా చొక్కా జేబులో సెకన్ల ముల్లు గల గడియారమొకటి ఎల్లప్పుడు ఉండును. బిడ్డను ప్రార్థనకు తెచ్చినవారియెదుట మొదట దానిని తీసి లెక్కించుచున్నాము.

ఈ మాసములో చేయవలసినవి

ఒకటి: ప్రతి కుటుంబము తమవారందరి ఊపిరులు లెక్కించి వ్రాసికొనవలెను.
రెండు: ఉదయ సాయంకాలములు ఐదేసి నిమిషములు పొట్టతో ఊపిరి తీయవలెను.
మూడు: ఇంటిలోని పొగలలో ఒక్కటైనను మానివేయవలెను.
నాలుగు: స్త్రీల కూటములో పసిబిడ్డల లెక్కలు మూడును అప్పగింపవలెను.

కూటములలో మాటలాడుటకు ప్రశ్నలు

ఒకటి: భారము మీదనున్నవాని ఊపిరి ఎందుకు కురచయగును? మీ ఊరిలో అట్టివారెవరు? వారికి మనమేమి చేయగలము?
రెండు: మీ యింటిలో పొగ ఎక్కువగా పీల్చువారెవరు? వారికి బదులు ఆ పనిని ఎవరు పంచుకొనగలరు?
మూడు: ప్రార్థన చేసి ఊరకుండిన సందర్భము మీకును కలదా?